మందుల డబ్బాలో మిగిలిన మాత్రలు

వానకాలము వచ్చినదనగానే మన ఊళ్లలో ఇంటింట జలుబు, దగ్గు, జ్వరము తలచూపును. అప్పుడు పెద్దలు మొదట వెదకునది అలమరలోని మందుల డబ్బా. నిరుడు పెద్దవానికి జ్వరము వచ్చినప్పుడు కొన్న మాత్రలలో నాలుగు అందులో మిగిలియుండును. "వానికి తగ్గినది గదా, వీనికిని తగ్గును" అని చిన్నవానిచేత వానిని మ్రింగింతురు. మూడు నాలుగు దినములలో జలుబు తగ్గును. మాత్ర గుణమిచ్చినదని ఇల్లంతయు సంతోషించును. ఈ సంతోషములో ఒక పొరపాటు దాగియున్నది. దానినిగూర్చి విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును నాలుగు మాటలు చెప్పుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ముందుగా ఆ మాత్ర యెట్టిదో తెలిసికొనవలెను. పారాసిటమాల్ వంటివి జ్వరమును, నొప్పిని తగ్గించు మందులు. వ్యాధి కలిగించు బాక్టీరియాను చంపునట్టివి, లేదా వాని వృద్ధిని అరికట్టునట్టివి వేరొక జాతి మందులు. వీనికే యాంటీబయాటిక్కులని పేరు. 1928వ సంవత్సరమున లండనులో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ తాను పెంచుచున్న బాక్టీరియా పళ్లెములో బూజు పడుటయు, ఆ బూజు చుట్టునున్న బాక్టీరియా నశించుటయు గమనించెను. ఆ బూజునుండి లభించినదే పెన్సిలిన్.

ఈ చరిత్రలో తెలుగువారికిని పాలు కలదు. 1895లో భీమవరమున జన్మించి, మద్రాసు వైద్య కళాశాలలో చదివి అమెరికాకు వెళ్లిన యల్లాప్రగడ సుబ్బారావుగారు లెడర్లీ సంస్థలో పరిశోధనలకు నాయకత్వము వహించుచుండగా, అచ్చటనే బెంజమిన్ డగ్గర్ అను శాస్త్రజ్ఞుడు మన్నులోని సూక్ష్మజీవినుండి ఆరియోమైసిన్ అను మందును కనుగొనెను. అది 1948లో లోకమునకు వెల్లడియైనది. పెన్సిలిన్‌కు లొంగని కొన్ని వ్యాధులు దానికి లొంగినవి.

ఇంతటి మందులు జలుబునకు ఏల పనికిరావు? జలుబు బాక్టీరియావలన గాక వైరసులవలన కలుగును గనుక. యాంటీబయాటిక్కులలో కొన్ని బాక్టీరియా చుట్టునుండు గోడను చెడగొట్టును. కొన్ని అది మాంసకృత్తులను తయారుచేసికొను ఏర్పాటును ఆపివేయును. వైరసునకు అట్టి గోడయు లేదు, అట్టి సొంత ఏర్పాటును లేదు. కాబట్టి ఆ మందు దానినేమియు చేయజాలదు. సాధారణమైన జలుబు 7 మొదలు 10 దినములలో తనంతట తానే తగ్గును. మాత్ర వేసినను తగ్గును, వేయకున్నను తగ్గును. జలుబు పడినవారిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టునకు యాంటీబయాటిక్కును, రెండవ జట్టునకు మందులేని ఉత్తమాత్రను ఇచ్చి వైద్యులు పరీక్షించిరి. మందు పుచ్చుకొన్నవారు త్వరగా కోలుకొనలేదు. పెద్దవారిలో వికారము, విరేచనములు వంటి బాధలు మాత్రము వారికే హెచ్చుగా కలిగినవి. చీమిడి పసుపుపచ్చగా మారినంతమాత్రమున యాంటీబయాటిక్కు అవసరమని తలపరాదు.

"మేలు లేకున్న పోనిమ్ము, కీడేమి?" అని కొందరడుగవచ్చును. మన ప్రేగులలో లెక్కకు మిక్కిలిగా బాక్టీరియా కలదు. అందులో చాలవరకు మనకు హాని చేయదు. మాత్ర వేసినప్పుడు ఇందులో బలహీనమైనవి చచ్చును. యాదృచ్ఛికముగా ఆ మందును తట్టుకొను గుణము కలవి మిగులును. అనుకూల పరిస్థితులలో కొన్ని బాక్టీరియాలు ఇరువది నిమిషములకు ఒకసారి రెండుగా చీలును. విద్యార్థులు లెక్క వేసి చూడుడు: ఒక్క బాక్టీరియా ఏడు గంటలలో 21 పర్యాయములు చీలిన, ఇరువది లక్షలకు మించిన సంతానమగును. పైగా బాక్టీరియా తనకున్న గుణమును ప్రక్కనున్న వేరొక బాక్టీరియాకు ఈయగలదు. మందునకు అలవాటుపడునది మన శరీరము కాదు, ఆ సూక్ష్మజీవులు. అవి మురికి చేతులద్వారా, నీటిద్వారా ఇతరులకు సోకును. అందువలన ఒక ఇంటి పొరపాటు ఆ ఇంటితో ముగియదు.

ఈ విపత్తును పెన్సిలిన్ కనుగొన్న ఫ్లెమింగే ముందు గ్రహించెను. 1945లో నోబెల్ బహుమానము అందుకొన్న సందర్భమున చేసిన ఉపన్యాసములోనే, చాలీచాలని మోతాదులో మందు వాడినచో సూక్ష్మజీవులు దానికి లొంగకుండ తయారగునని ఆయన హెచ్చరించెను. 2022లో ప్రకటింపబడిన ఒక గొప్ప పరిశోధన 204 దేశముల, ప్రాంతముల వివరములను పరిశీలించి, 2019వ సంవత్సరమొక్కదానిలోనే మందులకు లొంగని బాక్టీరియా మూలముననే సుమారు 12 లక్షల 70 వేలమంది మరణించిరని అంచనా వేసినది.

ఇక నా అనుభవమొకటి చెప్పెదను. నేను ఉపాధ్యాయ శిక్షణ పొందినది తిరుపతిలో. ఈ హోసూరు ప్రాంతమునకు వచ్చిన క్రొత్తలో నాకు తమిళము చక్కగా రాదు. మా అమ్మకు మూత్రములో మంట పుట్టగా వైద్యునికి చూపితిని. ఆయన తమిళములో చెప్పిన వివరము సగము అర్థమైనది. తక్కినది అడుగుటకు సిగ్గుపడితిని. బాధ తగ్గగానే మాత్రలు మాన్పించి, మిగిలినవి దాచితిని. మరుసటి యేడు మరల మంట పుట్టినప్పుడు, చదువుకొన్నవాడనను ధీమాతో ఆ మాత్రలే ఇచ్చితిని. రెండు దినములు నెమ్మదించినట్లు తోచి, నాలుగవనాటికి చలిజ్వరము పట్టుకొనెను. ఆసుపత్రిలో మూత్రమును పరీక్షింపగా, నేనిచ్చిన మందును, మరి రెండు మందులును ఆ బాక్టీరియాపై పనిచేయవని తేలినది. వారము దినములు సూదిమందు వేసిన పిమ్మట అమ్మ కోలుకొన్నది. ఆ బాక్టీరియా మొండికెత్తుటకు నేనే కారణమని రుజువు చేయజాలను. కాని సరియైన చికిత్స నాలుగు దినములు ఆలస్యమగుటకు మాత్రము నేనే కారణము. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్నట్లయినది.

మందు ఎన్నాళ్లు వాడవలెనను విషయమున ఇటీవలి పరిశోధనలు క్రొత్త సంగతి చెప్పుచున్నవి. ఎక్కువ దినములు వాడిన ఎక్కువ మేలని పూర్వము తలచెడివారు. మన దేశములోనే అయిదేండ్లలోపు పిల్లలు 2,188 మందిపై జరిపి 2004లో ప్రకటించిన పరిశోధనలో, తీవ్రముగాని న్యుమోనియాకు అమాక్సిసిలిన్ మూడు దినములు ఇచ్చినను, అయిదు దినములు ఇచ్చినను నయమైనవారి సంఖ్య దాదాపు సమానముగానే ఉన్నది. అట్లని ఎవరికి వారే మందు మానవచ్చునని కాదు. క్షయవ్యాధికి సాధారణముగా ఆరు నెలలు వాడవలసియుండును. నడుమ మానినచో వ్యాధి మొండిదై తిరుగబెట్టవచ్చును. ఏ వ్యాధికి ఎన్నాళ్లో నిర్ణయింపవలసినవాడు వైద్యుడు. ఆ మాట తప్పక పాటింపవలసినవారము మనము.

ఇచ్చట మన పిల్లల పాత్ర గొప్పది. వైద్యుడు చెప్పునది తమిళము, మాత్రల అట్టపై ఉండునది ఆంగ్లము, ఇంటిలో తల్లికి తెలిసినది తెలుగు. మూడును చదువనేర్చినవాడు మీలో ఒకడే. కాబట్టి ఆసుపత్రికి వెళ్లునప్పుడు కాగితము, పెన్సిలు తీసికొనిపొండు. మందు పేరేమి, అది ఎందులకు, ఏయే పూటల ఎంత, ఎన్ని దినములు అను నాలుగు ప్రశ్నలడిగి, జవాబులు తెలుగులో వ్రాసి మాత్రల కవరునకు అంటింపుడు. చీటీపై 1–0–1 అని యున్నచో ఉదయమొకటి, మధ్యాహ్నము లేదు, రాత్రి యొకటి అని అర్థము. యాంటీబయాటిక్కుల వంటి మందుల అట్టపై నిలువుగా ఎఱ్ఱని గీత యుండును. వైద్యుని చీటీ లేక అట్టివి కొనరాదని, వాడరాదని దాని భావము. 2016లో మన ప్రభుత్వము ఈ గీతనుగూర్చి ప్రచారము మొదలుపెట్టినది.

అసలు వ్యాధియే రాకుండ చూచుకొనుట అన్నిటికంటె మేలు. భోజనమునకు ముందును, మరుగుదొడ్డికి పోయివచ్చిన తరువాతను సబ్బుతో చేతులు కడుగుకొను అలవాటు వలన విరేచనముల వ్యాధి నాలుగవ వంతునకు మించి తగ్గునని పరిశోధనలు తెలుపుచున్నవి. నీళ్ల విరేచనములైనప్పుడు పిల్లలకు మొదట కావలసినది పొట్లముపై చెప్పిన కొలత నీటిలో కలిపిన ఓఆర్ఎస్ ద్రావకము. ఆయాసము, మగత, విరేచనములో రక్తము, మూడు దినములైనను వీడని జ్వరము కనిపించినచో ఇంటి వైద్యముతో కాలము గడపక ఆసుపత్రికి పోవలెను.

విద్యార్థులారా! ఈ ఆదివారము మీ ఇంటి మందుల డబ్బా తెరచి చూడుడు. మిగిలిపోయిన ఎఱ్ఱగీత మాత్రలున్నచో పెద్దలకు చూపి, ఈ సంగతి వారికి చదివి వినిపింపుడు. అడుగుటకు సిగ్గుపడి నేను చేసిన తప్పు మీరు చేయకుందురుగాక.