పాత ఎయిర్ రైఫిల్ బేరమా? ఖాళీగా పేల్చి చూపిస్తే వచ్చేయండి!

ఉప్పల్, నాచారం ఇళ్లలో పిల్లాడు షూటింగ్ నేర్చుకుంటానంటే మొదట గుర్తొచ్చేది ఖర్చే. 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన మన హైదరాబాదీ గగన్ నారంగ్ లాంటివాళ్లు వాడే మ్యాచ్ రైఫిల్ ధర లక్షల్లో. అందుకే చూపు సెకండ్ హ్యాండ్ స్ప్రింగ్ రైఫిల్ మీద పడుతుంది.

ముందు 0.177 క్యాలిబరేనా అని చూసుకోండి. శక్తి 20 జౌళ్ల లోపుంటే దానికి లైసెన్సు అక్కర్లేదు. పాత బిల్లు అడిగి తీసుకోండి.

బ్యారెల్ కిందికి వంచి స్ప్రింగ్ బిగిస్తుంటే గరగరమందా? స్ప్రింగ్ వంగినట్టో, అరిగినట్టో అనుకోవచ్చు. మూసాక బ్యారెల్ అటూ ఇటూ ఊగితే గురి కుదరదు. అన్నిటికంటే ముఖ్యం ట్రిగ్గర్ పట్టు. అది జారిందంటే బ్యారెల్ విసురుగా లేచి పెల్లెట్ పెట్టే వేలిని నలిపేస్తుంది. అందుకే పెల్లెట్ పెట్టేంతసేపూ రెండో చేత్తో బ్యారెల్‌ని గట్టిగా పట్టుకోవాలి.

"చూడండి సార్, ఎంత సౌండో!" అంటూ పెల్లెట్ లేకుండానే పేల్చి చూపించేవాళ్లుంటారు. అలాంటి బేరం వద్దు. ముందు గాలి ఆపే పెల్లెట్ లేక పిస్టన్ వెళ్లి గుద్దుకుంటుంది, సీలు, స్ప్రింగ్ రెండూ దెబ్బతింటాయి. ఎన్నిసార్లు అలా పేల్చారో మీకెలా తెలుస్తుంది?

పరీక్ష మేడ మీద కాదు, రేంజ్‌లోనే. బల్ల మీద ఆనించి 10 మీటర్ల నుంచి ఐదు పెల్లెట్లు కొట్టండి. రూపాయి బిళ్లంత చోట పడ్డాయా, అప్పుడు ధర మాట్లాడండి.