రెండు కంపెనీల మధ్య అరంగుళం

కృష్ణగిరి నుంచి హోసూరుకు సుమారు యాభై కిలోమీటర్లు. దూరం చూస్తే దగ్గరే, కానీ అంతా పైకి పోయే దారి. కృష్ణగిరి కంటే మా హోసూరు దాదాపు 400 మీటర్ల ఎత్తున ఉంది. మధ్యలో మేలుమలై మిట్ట ఎక్కేటప్పుడు పాత బండి గుట్టు బయటపడుతుంది. అంబాసిడర్ ఎస్టేటు లాంటి బండయితే మరీను.

ఎస్టేటు అంటే డిక్కీ లేని అంబాసిడర్. పైకప్పు వెనకదాకా సాగి, చివర తలుపు ఉంటుంది. అమెరికావాళ్ళు ఇలాంటి బండిని స్టేషన్ వ్యాగన్ అన్నారు. రైలు దిగిన మనుషుల్నీ పెట్టెల్నీ ఇంటికి చేర్చడానికి చెక్క బాడీతో పుట్టిన బండి కాబట్టి ఆ పేరు వచ్చింది. మన ఊళ్ళలో స్టేషను ముందు జట్కా చేసిన పనే అది.

ఇప్పుడు చిన్న లెక్క. మనుషులతో, సామానుతో బండి 1500 కిలోలు తూగిందనుకుందాం. నూరు మీటర్లకు ఐదు మీటర్లు లేచే మిట్ట మీద గంటకు 60 కిలోమీటర్ల వేగం నిలబడాలంటే, బరువును పైకి మోయడానికి, గాలిని తోసుకుపోవడానికి, టైర్ల రాపిడికి కలిపి చక్రాల దగ్గర పాతిక గుర్రాల బలం కావాలి. అంబాసిడర్ పాత 1489 సీసీ డీజిల్ ఇంజిను మొత్తం బలమే 40 గుర్రాల లోపు. అదీ గొంతు చించుకుని తిరిగినప్పుడు. టాప్ గేరులో నెమ్మదిగా తిరిగేటప్పుడు అందులో సగం దొరికితే గొప్ప. అందుకే నాలుగు నుంచి మూడుకు, మూడు నుంచి రెండుకు దిగాలి. వెనక లారీ హారన్ కొడుతూనే ఉంటుంది. ఈ బండికి వేరే గుండె పెడితే ఎలా ఉంటుందన్న ఆలోచన సొంతదారుకు అక్కడే పుడుతుంది.

నిజానికి ఈ ఆలోచన మెకానిక్కు కంటే ముందు కంపెనీకే ఉంది. బిర్లాలు 1942లో మొదలుపెట్టిన హిందుస్థాన్ మోటార్స్, ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీసు కారును 1950ల చివర్లో బెంగాల్‌లోని ఉత్తరపారాలో అంబాసిడర్‌గా దించింది. మొదట్లో పక్కవాల్వుల ఇంజిను. కొన్నాళ్ళకే పైవాల్వుల 1489 సీసీ పెట్రోలు ఇంజిను, చాలాకాలం తర్వాత డీజిలు. 1990ల మొదట్లో జపాన్ ఇసుజు వారి 1817 సీసీ ఇంజిను, దాంతోపాటు ఐదు గేర్ల పెట్టె. ఆ ఇసుజు ఇంజిను అంతకుముందే కాంటెస్సాలో కూర్చుంది. కాంటెస్సా బాడీ ఏమో ఇంగ్లండు వాక్స్‌హాల్‌ది. 2014 మేలో ఉత్తరపారాలో తయారీ ఆగింది. 2017లో అంబాసిడర్ అనే పేరు కూడా 80 కోట్ల రూపాయలకు ఫ్రాన్సు పెజో వారికి వెళ్ళిపోయింది. పుట్టుక ఒక దేశం, గుండె మరో దేశం, చివరికి పేరు ఇంకో దేశం. ఈ బండిలో అసలుది ఏది అని అడిగితే జవాబు చెప్పడం కష్టం.

కంపెనీ డ్రాయింగులు ముందు పెట్టుకుని చేసిన పనిని షెడ్డులో మెకానిక్కు డ్రాయింగు లేకుండా చేశాడు. బజాజ్ టెంపో మాటడోర్ డీజిల్ ఇంజిను ఎన్నో అంబాసిడర్లలోకి అలాగే ఎక్కింది. మహీంద్రా వారు కూడా విల్లీస్ జీపు ఒంట్లో పెజో డీజిలు పెట్టి అమ్మినవారే. ఇక పాత బండిని మలుచుకోవడంలో తెలుగువారికి గుర్తుండిపోయిన ఉదాహరణ 1982 నాటి చైతన్యరథం. పాత షెవర్లే వ్యానును ప్రచార రథంగా మార్చుకుని ఎన్టీఆర్ రాష్ట్రమంతా తిరిగారు. స్టీరింగు ఆయన కొడుకు హరికృష్ణ చేతిలో ఉండేది.

ఇలాంటి పనికి మా హోసూరు తగిన ఊరు. సిప్‌కాట్ పారిశ్రామికవాడ వచ్చాక టీవీఎస్ మోపెడ్లు ఇక్కడి నుంచే రోడ్డెక్కాయి, 1980లో అశోక్ లేలాండ్ ఫ్యాక్టరీ తెరుచుకుంది. పెద్ద ఫ్యాక్టరీల నీడలో చిన్న లేతు షాపులు మొలిచాయి. మిల్లీమీటరులో నూరో వంతు గురించి టీ తాగుతూ మాట్లాడుకునే మనుషులు ఉన్న ఊరు ఇది.

చైన్ బ్లాకు కట్టి పాత ఇంజిను దించడం ఒక పూట పని. కొత్తది దాని చోట్లో పెట్టడం మరో పూట. అంబాసిడర్ ముందు భాగం విశాలం, ఇంజిను నిలువుగా కూర్చుంటుంది, తిప్పేది వెనక చక్రాలను. కాబట్టి చోటుకు కొరత లేదు. అసలు పని ఇంజినూ గేరుబాక్సూ కలిసే చోట ఉంది. ఇంజిను ఒక కంపెనీది, గేరుబాక్సు మరో కంపెనీది అయితే బోల్టు రంధ్రాలు కలవవు. రెండింటి మధ్య ఒక ఇనుప పలక కావాలి, మందం సుమారు అరంగుళం. ఒక వరస రంధ్రాలు ఇంజినుకు, ఇంకో వరస గేరుబాక్సు బెల్ హౌసింగుకు.

చూడ్డానికి కంచం లాంటి ఈ పలకలోనే విద్య అంతా ఉంది. గేరుబాక్సు ముందు షాఫ్టు కొస వెళ్ళి క్రాంకు చివర చిన్న బుష్షులో కూర్చుంటుంది. రెండు షాఫ్టుల నడిబొడ్డులూ ఒకే గీత మీద ఉండాలి. తేడా మిల్లీమీటరులో పదో వంతు దాటితే, అంటే వెంట్రుక మందం దాటితే, కష్టాలు మొదలు. క్లచ్ వదిలేటప్పుడు బండి వణుకుతుంది, బేరింగు అరుగుతుంది, నడుస్తుండగానే గేరు జారిపోతుంది. అందుకని ఫ్లైవీల్‌కు డయల్ గేజీ బిగించి ఇంజినును చేత్తో నెమ్మదిగా తిప్పుతారు. గేజీ మొన హౌసింగు రంధ్రం అంచును రాసుకుంటూ చుట్టూ తిరుగుతుంది. ముల్లు ఒక పక్కకు వాలితే పలకను అందులో సగం మేర జరపాలి. ముల్లు కుదుటపడ్డాక డోవెల్ పిన్నులు కొట్టి స్థానం ఖాయం చేస్తారు. ఎందుకంటే బోల్టు బిగించగలదే గానీ నడిబొడ్డు చూపించలేదు.

ఆ అరంగుళం ఊరికే ఉండదు, గేరుబాక్సును అంత వెనక్కి నెడుతుంది. స్టార్టరు పళ్ళు రింగు పళ్ళకు అందుతాయో లేదో చూసుకోవాలి. క్లచ్ ప్లేటు సంగతి మరీ తమాషా. దాని మధ్య గాళ్ళు గేరుబాక్సు షాఫ్టుకు సరిపోవాలి, బయటి చుట్టు ఇంజిను ఫ్లైవీల్‌కు సరిపోవాలి. ఒక కంపెనీ నడుముకు ఇంకో కంపెనీ ప్లేటు రివెట్లతో కలుపుతారు. ప్రొపెల్లర్ షాఫ్టును కోసి, పొడవు సరిచేసి, వెల్డింగు చేసి బ్యాలెన్సు చూడాలి. దాని రెండు చివర్ల కీళ్ళ వంపు సమానంగా ఉండాలి. ఒక్కో కీలు తిరిగేటప్పుడు వేగం కాస్త పెరిగి కాస్త తగ్గుతుంది. వంపులు సమానమైతే ముందు కీలు చేసిన తప్పును వెనక కీలు దిద్దుతుంది. లేకపోతే సీటు కింద గుయ్‌మని మోత.

మనిషి కూర్చునే చోటూ మారిపోతుంది. పాత అంబాసిడర్ గేరు కడ్డీ స్టీరింగు పక్కన ఉండేది, ముందు బెంచీ సీటు మీద ముగ్గురు పట్టేవారు. కొత్త గేరుబాక్సు కడ్డీ నేలలోంచి లేస్తుంది. నేల కోయాలి. మధ్యలో కూర్చునే పిల్లవాడు వెనక్కి పోవాలి.

అందరూ మరిచిపోయేది బ్రేకు. బలం పెరిగితే వేగం పెరుగుతుంది. 60 నుంచి 90కి వెళ్ళిన బండిని ఆపాలంటే బ్రేకు మింగాల్సిన శక్తి ఒకటిన్నర రెట్లు కాదు, రెండుంబావు రెట్లు. మిట్ట ఎక్కిన బండి తిరుగు ప్రయాణంలో అదే మిట్ట దిగాలి కదా. ఎస్టేటుకు మరో జాగ్రత్త ఉంది. గోడలా తెగిన వెనక భాగం దగ్గర గాలి పీడనం తగ్గుతుంది. వెనక తలుపు సందు ఇస్తే సైలెన్సరు పొగ లోపలికే వస్తుంది. కొత్త పొగగొట్టం బండి చివర దాటేదాకా వెళ్ళాలి.

ఇంత చేసినా చట్టం ముందు ఈ బండి నిలబడాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం అదే కంపెనీ, అదే రకం ఇంజిను మార్చడం వేరు, మరో రకం పెట్టడం వేరు. రిజిస్ట్రేషన్ అధికారి అనుమతి లేకుండా బండి రోడ్డెక్కకూడదు. కంపెనీ ఇచ్చిన మూల స్వరూపం నుంచి బండి పక్కకు జరగకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. 2021లో వచ్చిన వింటేజ్ బండ్ల నిబంధనలు యాభై ఏళ్ళు దాటిన వాహనానికి ప్రత్యేక నంబరు ఇస్తాయి, కానీ ఛాసిస్, బాడీ, ఇంజిను మార్చి ఉండకూడదు. ప్రమాదాలు చూసిన చట్టానికి ఆ భయం న్యాయమే. డయల్ గేజీ ముల్లు కుదుటపడేదాకా ఓపిక పట్టిన షెడ్డుకూ, సుత్తితో సర్దేసిన షెడ్డుకూ తేడా కాగితం మీద కనపడదు.

ఆర్‌సీ బుక్కులో ఇంజిను నంబరుకు గడి ఉంది, ఛాసిస్ నంబరుకు గడి ఉంది. కృష్ణగిరి నుంచి నిండు బరువుతో వచ్చి, మేలుమలై మిట్ట మీద గేరు దింపకుండా, ఆ రెండు నంబర్లనూ కలిపి లాక్కొచ్చిన ఇనుప పలకకు మాత్రం నంబరూ లేదు, గడీ లేదు.