నల్ల తెర మీద రంగుల కూడిక

పసుపుపచ్చ రంగు కావాలంటే ఏయే రంగులు కలపాలి? డ్రాయింగు మాస్టారిని అడిగితే "ఏవి కలిపినా రాదు, పసుపు సీసా కొనుక్కోవలసిందే" అంటారు. కంప్యూటరు తెర మాత్రం ఎరుపు, ఆకుపచ్చ కలిపి పసుపును చూపిస్తుంది. రెండూ నిజమే! మాస్టారు కలిపేది రంగు పదార్థాలను, తెర కలిపేది కాంతులను.

ఈ సంగతిని వట్టి కూడికతో పరీక్షించవచ్చు. మీ బడిలో లినక్సు కంప్యూటరు వుంటే టెర్మినల్ అనే నల్ల కిటికీ తెరవండి. అందులో బొమ్మలుండవు. కమాండు టైపు చేస్తే జవాబు అక్షరాలలో వస్తుంది. తరచు వాడే కమాండ్లను ఒక ఫైలులో వరుసగా రాసిపెట్టుకుంటే అదే షెల్ స్క్రిప్టు. వంటమనిషికి రాసిచ్చిన చీటీ లాంటిదన్నమాట.

టెర్మినల్‌కు మనం పంపేవన్నీ అక్షరాలే కదా, మరి రంగు మార్చమని దానికి చెప్పేదెలా? కంప్యూటరులో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య వుంది. ఇంగ్లీషు పెద్దబడి 'ఎ'కు 65. కాని 27 తెర మీద కనిపించే ఏ అక్షరానిదీ కాదు. దాని పేరు ఎస్కేప్. అది రాగానే టెర్మినల్, తర్వాత వచ్చేదాన్ని తెర మీద వేయకుండా ఆజ్ఞగా తీసుకుంటుంది. ఎస్కేప్ వెంట ఎడమవైపు చదరపు బ్రాకెట్టు, రంగు సంఖ్య, చివర చిన్నబడి 'ఎమ్' వుండాలి. స్క్రిప్టులో 'ప్రింట్‌ఎఫ్' కమాండు రాసి, కొటేషన్ గుర్తుల మధ్య బ్యాక్‌స్లాష్, 033 అని రాస్తే అదే ఎస్కేప్. 27కు బదులు 033 ఏమిటంటారా? అది 8 ఆధారంగా వేసిన లెక్క: 3 ఎనిమిదులు, పైన 3.

ఇక రంగు సంఖ్యలు చూడండి. 30 అంటే నలుపు, అంటే కాంతి లేదు. దానికి ఎరుపు కోసం 1, ఆకుపచ్చ కోసం 2, నీలం కోసం 4 కలపాలి. కాబట్టి 31 ఎరుపు, 32 ఆకుపచ్చ, 34 నీలం. మరి 33? ఒకటీ రెండూ కలిశాయి, పసుపు వచ్చింది! (కొన్ని తెరల మీద మట్టిరంగులా కనిపిస్తుంది, కంగారు పడకండి.) 36లో ఆకుపచ్చ, నీలం కలిసి సయాన్ వస్తుంది. మూడూ కలిస్తే 37, తెలుపు. 30కి బదులు 40తో మొదలుపెడితే అక్షరాల వెనుక రంగు మారుతుంది. 45 ఏ రంగో మీరే చెప్పండి.

ఎస్కేప్‌తో మొదలయ్యే ఆజ్ఞలను 1979లో అమెరికా ప్రమాణాల సంస్థ ఎక్స్3.64 అనే ప్రమాణంలో చేర్చింది. తమాషా ఏమంటే, ఇలాంటి ఆజ్ఞలను ప్రచారంలోకి తెచ్చిన వీటీ100 టెర్మినల్ (1978) తెర మీద రంగులే లేవు!

పని అయ్యాక 0 పంపడం మరవకండి. నేను మొదటిసారి మరిచాను. ఆ తర్వాత టైపు చేసినదంతా ఎర్రగానే వచ్చింది.

అంతకంటే పెద్ద పొరపాటు మరొకటి చేశాను. యూనిట్ పరీక్ష మార్కులు చూపే స్క్రిప్టు రాసి, పాసైనవారి పేర్లు ఆకుపచ్చగా, తప్పినవారివి ఎర్రగా వేశాను. అందరూ తెర ముందు మూగారు. ఒక అబ్బాయి మాత్రం అందరూ వెళ్లేదాకా ఆగి, "సార్, నేను పాసయ్యానా?" అని మెల్లగా అడిగాడు. తెర ఎదురుగానే వుంది! అప్పుడు తెలిసింది, అతని కంటికి ఆ రెండు రంగులూ ఒకేలా కనిపిస్తాయని. ఈ లోపం చాలావరకు ఎక్స్ క్రోమోజోము మీది జన్యువుల వల్ల వస్తుంది. మగపిల్లలకు ఆ క్రోమోజోము ఒక్కటే కనుక వారిలోనే ఎక్కువ.

పదేళ్లుగా కాంతి పాఠం చెబుతున్నా నాకిది తట్టలేదు. ఆ సాయంత్రమే స్క్రిప్టు మార్చాను. ఎరుపు, ఆకుపచ్చ తీసేసి పసుపు, నీలం పెట్టాను. ప్రతి పేరు పక్కన పాసో, ఫెయిలో మాటల్లో కూడా వచ్చేలా చేశాను. మర్నాడు ఆ అబ్బాయి అందరితో పాటు తెర ముందు నిలబడి తన పేరు తానే వెతుక్కున్నాడు.