పాళీని దాచుకున్న కలం

పాత ఫౌంటెన్ పెన్నులు సేకరించేవారు కోరుకునే వాటిలో పార్కర్ 51 ముందు వరుసలో ఉన్నా, అందుకు కారణం అరుదుతనం కాదు. 1941లో అమెరికా విపణిలోకి వచ్చిన ఈ కలం కోటికి పైగా అమ్ముడుపోయింది. త్వరగా ఆరిపోయే సిరా కోసం రూపొందడం వల్ల, దాని పాళీ, అంటే కాగితాన్ని తాకే లోహపు మొన, తడి ఆరకుండా దాదాపు పూర్తిగా తొడుగు లోపలే ఒదిగి ఉంటుంది. అంత విరివిగా అమ్ముడుపోయినందున సేకర్తల గిరాకీ అంతా అరుదైన రంగులకూ, బంగారు మూతలకూ, రబ్బరు పొర కదలికతో సిరాను లోనికి పీల్చుకునే తొలినాళ్ల వాక్యుమాటిక్ రకానికీ దక్కుతుంది; ఆ పొర కాలక్రమేణా పాడవుతుంది కాబట్టి, రోజూ రాసుకోదలచినవారికి తరువాత వచ్చిన ఏరోమెట్రిక్ రకమే మేలు.

జపాన్‌కు చెందిన నామికి కలాల విలువ యంత్రంలో కాక చేతిపనిలో ఉంది: ఉరుషి చెట్టు పాలతో చేసిన లక్క పూతపై, అది తడిగా ఉండగానే బంగారు పొడి చల్లి బొమ్మలు తీర్చే ఈ పద్ధతిని మాకీ-ఎ అంటారు. ఆధునిక కలాలలో 1952 నాటి మోంబ్లాఁ 149 ఇప్పటికీ తయారవుతూనే ఉంది.

స్వదేశీ స్ఫూర్తితో రాజమహేంద్రవరంలో పుట్టిన రత్నం పెన్నులకూ సేకర్తలున్నారు. గంధకంతో గట్టిపరచిన రబ్బరైన ఎబొనైట్‌ను లేత్‌పై చెక్కి చేసే ఆ కలాలను వెలుతురు తగలకుండా దాచాలి, లేకుంటే నలుపు క్రమంగా గోధుమ రంగుకు తిరుగుతుంది.