జోస్యాన్ని వరమనుకొన్న మాక్‌బెత్

షేక్‌స్పియర్ 1606 ప్రాంతంలో రచించినట్లు పండితులు భావించే ‘మాక్‌బెత్’ విషాదాంత నాటకంలో నాయకుడి పతనానికి రాజ్యకాంక్షే కారణమని చెప్పడం పరిపాటి అయినా, ఉత్తరార్ధంలో అతణ్ణి ముంచేది కాంక్షకన్నా ఎక్కువగా జోస్యం మీద పెంచుకొన్న ధీమాయే.

యుద్ధం గెలిచి తిరిగివస్తున్న స్కాట్లండ్ సేనాని మాక్‌బెత్‌కు ముగ్గురు మంత్రగత్తెలు ఎదురై, అతడు కాడర్ ప్రాంతానికి థేన్, అంటే రాజుకు లోబడి ఉండే సామంతప్రభువు, అవుతాడనీ, ఆపైన రాజే అవుతాడనీ చెబుతారు. మొదటి మాట అక్కడికక్కడే నిజమైనట్లు అతనికి తోస్తుంది గాని, డంకన్ రాజు ఆ పదవిని అంతకుముందే ప్రకటించాడన్న సంగతి ప్రేక్షకులకు తెలుసు. దుష్టశక్తులు చిన్న నిజాలతో నమ్మించి పెద్ద విషయంలో ముంచుతాయని తోటి సేనాని బాంక్వో హెచ్చరించినా, ఆ మాట మాక్‌బెత్ చెవికెక్కదు.

డంకన్‌ను చంపి సింహాసనమెక్కిన తరువాత, నాల్గవ అంకంలో, అతడే మంత్రగత్తెలను వెతుక్కుంటూ వెళతాడు. కొప్పెరలో మరుగుతున్న మంత్రద్రవం నుంచి మూడు ఛాయారూపాలు వరుసగా లేస్తాయి. శిరస్త్రాణం ధరించిన తల మాక్‌డఫ్ అనే ప్రభువుతో జాగ్రత్తగా ఉండమంటుంది. నెత్తురోడుతున్న పసిబిడ్డ, స్త్రీ కన్నవాడెవడూ అతనికి హాని చేయలేడంటుంది. చేత చెట్టు పట్టుకొన్న కిరీటధారి బాలుడు, బిర్నమ్ అడవి డన్సినేన్ కొండమీదికి కదలివచ్చేదాకా ఓటమి లేదంటాడు. మొదటి మాటకూ రెండవ మాటకూ పొత్తు కుదరదు: ఎవరూ హాని చేయలేనప్పుడు మాక్‌డఫ్‌కు భయపడడమెందుకు? ఈ ప్రశ్న దగ్గర మాక్‌బెత్ క్షణకాలమే ఆగి, ఎందుకైనా మంచిదని మాక్‌డఫ్‌ను చంపించాలనుకొంటాడు. అతడు ఇంగ్లండుకు పారిపోయాడని తెలియగానే అతని భార్యాబిడ్డలను హత్య చేయించి, తనను చంపి తీరవలసినంత పగ తానే రగిలిస్తాడు. అంతకన్నా విచిత్రం, జోస్యంలోని మెలిక అతని కళ్ళ ముందే నిలిచి ఉండడం. తల్లి కడుపు చీల్చి బయటికి తీయబడిన మాక్‌డఫ్‌ను ఆ నెత్తుటి బిడ్డా, కొమ్మలు నరికి సైన్యాన్ని కప్పమని సైనికులను ఆజ్ఞాపించబోయే రాకుమారుడు మాల్కమ్‌ను ఆ చెట్టు పట్టిన బాలుడూ సూచిస్తున్నారని విమర్శకులు చెబుతారు. చెవితో విన్నదానికి మురిసిపోయినవాడు కంటితో చూసినదాన్ని పట్టించుకోలేదు.

మన పురాణాల్లోని హిరణ్యకశిపుడు కూడా ఇటువంటి మెలికకే బలైనా, అతడు షరతులన్నీ తానే ఆలోచించి బ్రహ్మను కోరుకొన్నాడు. మాక్‌బెత్‌కు ఎవరూ వరమివ్వలేదు, అతడే జోస్యాన్ని వరంగా భావించుకొన్నాడు.

ఈ మంత్రగత్తెల మాటల్లా, ఒక అర్థంలో నిజమైన మాటను వినేవాడు మరో అర్థంలో గ్రహించేలా పలికే ద్వంద్వార్థ భాషణం ఆనాటి లండన్‌లో వేడిగా చర్చకు వచ్చిన విషయం. 1605 నాటి పార్లమెంటు పేల్చివేత కుట్ర కేసులో జెసూట్ మతాచార్యుడు హెన్రీ గార్నెట్‌ను 1606లో విచారించి ఉరితీసినప్పుడు ఈ పద్ధతి దుమారం రేపింది. నాటకంలో కోట ద్వారపాలకుడు విసిరే వెటకారం దానిమీదేనని చాలామంది పండితుల అభిప్రాయం. ఇక మంత్రగత్తెల సంగతికి వస్తే, మంత్రవిద్యపై 1597లో గ్రంథం ప్రచురించిన జేమ్స్ రాజే అప్పుడు సింహాసనం మీద ఉన్నాడు.

అడవి కదిలివస్తోందని కబురు తెచ్చిన భటుణ్ణి చెట్టుకు వేలాడదీస్తానని బెదిరించిన మాక్‌బెత్, ఆ తరువాత కూడా రెండవ జోస్యాన్నే పట్టుకొని వేలాడతాడు. మాక్‌డఫ్ తన పుట్టుక రహస్యం చెప్పినప్పుడు మాత్రం మంత్రగత్తెలను తిట్టి, ఇక పోరాడనంటాడు. అయితే లొంగిపోతే జనం ముందు వింతజంతువులా ప్రదర్శిస్తారని తెలిసి డాలు పైకెత్తి, ఏ జోస్యం అండా లేకుండా, ఓడతానని తెలిసే కత్తి దూస్తాడు.