వెలుగును సాగదీసి పెంచే విద్య

సిద్దిపేట జిల్లా కోమటిబండలో 2016 ఆగస్టు 7న తాగునీటి పథకం మిషన్ భగీరథ ప్రారంభమైంది. ఆ పైపులైన్ల కందకాల వెంబడే ఇంటర్నెట్ కోసం టీ-ఫైబర్ కేబుళ్లూ వేశారు. వాటిని చూసిన సిద్దిపేట పాఠకుడొకరు అడిగారు: “దూరం పోయేకొద్దీ ఫైబర్‌లో వెలుగు తగ్గుతుంది కదా, ఎంత కావాలంటే అంత పెంచుకోవచ్చా?”

ఇంటర్నెట్ వరకైతే జవాబు చిన్నదే. 1987లో సౌతాంప్టన్‌లో డేవిడ్ పేన్ బృందం ఎర్బియం కలిపిన ఫైబర్‌తో వెలుగును పెంచే దారి చూపింది. అసలు చిక్కంతా అతి పొట్టి మెరుపుల్లా వెలిగే ఫెమ్టోసెకండ్ లేజర్లతోనే. సెకనును వెయ్యి లక్షల కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక్క ముక్క ఫెమ్టోసెకండ్.

ఒక మైక్రోజౌల్ అంటే చాలా చిన్న శక్తి. అదే 100 ఫెమ్టోసెకండ్లలో వెలువడితే ఆ క్షణానికి పవర్ 10 మెగావాట్లు! సుమారు 4 మెగావాట్లు దాటితే గాజులో కాంతి తనంతట తానే ఒక బిందువుకు కుంచించుకుపోయి ఆ గాజునే దెబ్బతీస్తుంది. ఫైబర్ కోర్‌ను లావు చేసినా ఆ హద్దు జరగదు.

మరి ఎలా? కొమురవెల్లి జాతరలో జనమంతా ఒక్కసారి ద్వారం మీద పడితే తొక్కిసలాటే; క్యూలో పంపితే అందరికీ మల్లన్న దర్శనం దొరుకుతుంది. 1985లో రోచెస్టర్‌లో డోనా స్ట్రిక్లాండ్, జెరార్డ్ మూరూ కాంతిని అలాగే క్యూ కట్టించారు. పల్స్ అనే ఆ పొట్టి మెరుపులో ఎన్నో రంగులుంటాయి. గాజులో ఎరుపు వైపు రంగులు ముందు పోతాయి, నీలం వైపువి వెనకబడతాయి, పల్స్ సాగుతుంది. మన 100 ఫెమ్టోసెకండ్ల పల్స్‌ను ఒక నానోసెకండ్‌కు సాగదీస్తే 10 మెగావాట్లు కాస్తా ఒక కిలోవాట్‌కు దిగుతాయి. ఇక నిర్భయంగా పెంచుకోవచ్చు. చివర్లో ఎదురెదురుగా నిలిపిన రెండు గ్రేటింగ్‌లు (సన్నని గీతలతో రంగులను విడదీసే పలకలు) ఎరుపును చుట్టుదారిలో తిప్పుతాయి, వెనకున్న నీలం వచ్చి కలుస్తుంది, పల్స్ మళ్లీ పొట్టిదవుతుంది. ఈ జతను 1969లోనే ట్రీసీ వివరించాడు. అయినా 1985 దాకా చాలామంది కిరణాన్ని వెడల్పు చేసుకుంటూ, పరికరాలను పెద్దవి చేసుకుంటూ పోయారు!

ఈ పనికి 2018లో నోబెల్ అందుకున్న స్ట్రిక్లాండ్ ఫైబర్‌లోనే కాంతిని పెంచారని అనుకునేరు. కాదు, ఆమె వాడిన 1.4 కిలోమీటర్ల ఫైబర్ సాగదీయడానికే. పెంచింది నియోడిమియం గాజు. పెంచే పనికీ ఫైబర్‌నే వాడడం తర్వాతి ఘనత. సన్నగా, పొడవుగా ఉండడంతో ఫైబర్ వేడిని ఇట్టే వదిలించుకుంటుంది. యిటర్బియం ఫైబర్‌తో జర్మనీలోని యేనా బృందం 2010లో 830 వాట్ల సగటు పవర్ సాధించింది. 2020లో 12 ఫైబర్ల కాంతిని కలిపి 10.4 కిలోవాట్లకు చేర్చింది.

ఉపయోగం అనగానే చాలామంది బ్లేడు లేని లాసిక్ కంటి ఆపరేషన్ ఒక్కటే చెప్పి ఊరుకుంటారు. సాగదీసి పెంచే ఈ సూత్రానికి అది చాలా చిన్న పరిచయం. డిగ్రీ ఫిజిక్స్ ల్యాబ్‌లో స్పెక్ట్రోమీటర్ మీద గ్రేటింగ్ పెట్టి రంగుల కోణాలు కొలిచే విద్యార్థులు, రికార్డు రాసి వదిలేయకుండా, అలాంటి రెండు గ్రేటింగ్‌ల మధ్య ఎరుపు దారి నీలం దారి కన్నా ఎంత పొడవో ఒక్కసారి లెక్కగట్టి చూడాలి.