పందొమ్మిదేళ్ళ వైమానికుడు

ఆక్స్‌ఫర్డులో చదవడానికి స్కాలర్‌షిప్ దొరికితే ఏ కుర్రవాడైనా ఎగిరి గంతేస్తాడు. కలకత్తాలో పుట్టి, లండన్ సెయింట్ పాల్స్ స్కూల్లో చదివిన ఇంద్రలాల్ రాయ్‌కి అది దొరికింది. కాని అది మొదటి ప్రపంచయుద్ధకాలం. పుస్తకాలు కట్టిపెట్టి, 1917లో రాయల్ ఫ్లయింగ్ కోర్‌లో చేరాడు. అప్పటికి పద్ధెనిమిదేళ్ళు.

ఆ డిసెంబరులోనే విమానం కూలి గాయపడ్డాడు. ఇక ఎగరడానికి పనికిరావన్నారు వైద్యులు. కుర్రవాడు వింటేనా! కోలుకుంటున్న రోజుల్లో కూడా విమానాల బొమ్మలే గీస్తూ కూర్చున్నాడు. పట్టుబట్టి మళ్ళీ ఫ్రాన్సు చేరాడు.

1918 జూలై 6 నుంచి 19 దాకా, పద్నాలుగు రోజుల్లో పది విజయాలు! 22న కార్విన్ పట్టణం మీద జర్మను విమానాలతో పోరాడుతూ కూలిపోయాడు. ఇరవయ్యేళ్ళు నిండనేలేదు.

కేంబ్రిడ్జి జీసస్ కాలేజీలో చదివిన బొంబాయి యువకుడు శ్రీకృష్ణ వెలింకర్ కూడా అంతకు ముందు నెలలోనే, విమానం కూలి, శత్రువుల చేతిలో బందీగా కన్నుమూశాడు. ఆయన్ను తలచుకునేవారు మరీ తక్కువ.

సెప్టెంబరులో రాయ్‌కి పతకం ప్రకటించారు. అందుకోవడానికి మనిషి లేడు. 1998లో శతజయంతికి మన తపాలాశాఖ ఆయన బొమ్మతో బిళ్ళ వేసింది.

ఫ్రాన్సులో ఎస్తెవెల్ అనే పల్లె శ్మశానంలో ఆయన సమాధి ఉంది. రాతిమీద ఫ్రెంచి మాటలతోబాటు బెంగాలీ అక్షరాలూ చెక్కారు. ఆ ఊళ్ళో వాటిని చదవగలిగినవాళ్ళు ఎవరున్నారో!